ఇంబోల్క్: ఉగాది కాదు, గొర్రె పొదుగు దించే వేళ

సంపాదకుల వారికి,

మీ ఆదివారం అనుబంధంలో 'ఐర్లండ్ ఉగాది' అన్న శీర్షికతో ఫిబ్రవరి 1న వసంతారంభంగా జరిపే ఇంబోల్క్ పండగ మీద వ్యాసం వచ్చింది. ఇక్కడ ఐర్లండులో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు జనవరి ఆఖరి వారంలో బడి నుంచి ఆ పండగకు అల్లే పచ్చటి గడ్డి శిలువ ఒకటి పట్టుకొస్తారు. అదేమిటో, ఎందుకో చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. అలాంటి విషయాన్ని తెలుగులో రాసినందుకు సంతోషం. అయితే వ్యాసంలో పండగ అసలు సంగతి తప్పిపోయింది. పిల్లల కోసం ఇచ్చిన శిలువ అల్లిక పద్ధతి కూడా తిరగబడింది. ఆ ప్రకారం అల్లితే రెండో మలుపులోనే ఊడిపోతుంది. పత్రికలో ఒకసారి అచ్చయిన మాటను ఆ తర్వాత అందరూ ఎత్తి రాసుకుంటారు కాబట్టి, ఇప్పుడే సరిదిద్దాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు పేరు. పాత ఐరిష్ భాషలో 'ఇ మ్‌బొల్క్' అంటే 'కడుపులో' అని ఒక అర్థం చెబుతారు. 'మ'కారం పక్కన చేరిన 'బ'కారం పలకదు కాబట్టి నోటితో అనేటప్పుడు దాదాపు 'ఇమొల్క్' అని వినిపిస్తుంది. మన్‌స్టర్ రాజు, బిషప్పు అయిన కోర్మాక్ మాక్ కులెనాన్ 908లో చనిపోయాడు. ఆయన పేరుతో ఉన్న పాత నిఘంటువు దీన్ని 'ఓయ్‌మెల్క్' అని విడదీసి, గొర్రెపాలు అని అర్థం రాసింది. భాషావేత్తలు ఆ వ్యుత్పత్తిని ఒప్పుకోకపోవచ్చు. కానీ ఆ రోజుల్లో ఈ పండగ పేరు వినగానే జనానికి ఏం గుర్తొచ్చేదో దాన్నిబట్టి తెలుస్తుంది. ఎమెర్ అనే కన్య పెళ్లి కథలో ఏడాదిలోని నాలుగు ముఖ్యమైన రోజుల్ని చెబుతూ, ఇంబోల్క్ దగ్గరికి వచ్చేసరికి వసంతం మొదట్లో గొర్రెల్ని పితికే వేళ అంటారు. రెండుచోట్లా కనిపించేది పాలే.

పాలకు అంత విలువ ఎందుకంటే, ఇంగ్లండులో బీడ్ అనే సన్యాసి 731లో ముగించిన తన చరిత్రలో ఐర్లండులో ఎండుగడ్డి కోసి దాచుకునే అలవాటు లేదని రాశాడు. చలికాలంలో పశువులు బయట దొరికింది మేసి బతికేవి. మేత తగ్గితే పాలు తగ్గుతాయి, కొన్నాళ్లకు ఆవు వట్టిపోతుంది. అంటే డిసెంబరు, జనవరి నెలల్లో ఇంట్లో మిగిలేది పాత వెన్న, ధాన్యం, ఉప్పేసిన మాంసం. అలాంటప్పుడు చూడి గొర్రె పొదుగు దించిందంటే ఆ ఇంటికి కరువు గట్టెక్కినట్టే. గొర్రె చూడి కాలం సుమారు 147 రోజులు. ఫిబ్రవరి 1న పిల్ల పుట్టాలంటే సెప్టెంబరు 7 ప్రాంతంలో గొర్రె పొట్టేలుతో దాటి ఉండాలి. ఈనడానికి రెండు మూడు వారాల ముందు నుంచే పొదుగు నిండుతుంది. మన ఊళ్లలో గేదె ఈనిందంటే జున్నుపాల కోసం ఎలా ఎదురుచూస్తామో తెలిసినవాళ్లకు ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు.

ఇవాళ ఐర్లండులో మైదాన ప్రాంతపు మందలు ఎక్కువగా మార్చిలో, కొండ మందలు ఏప్రిల్‌లో ఈనేలా రైతులు చూసుకుంటున్నారు. నేల వేడి 5, 6 డిగ్రీలు దాటితే గానీ గడ్డి గట్టిగా పెరగదు. పాలిచ్చే గొర్రెకు ఆ గడ్డి కావాలి. కాబట్టి ఫిబ్రవరి 1న వచ్చిన సందర్శకుడికి పొలాల్లో గొర్రెపిల్లలు పెద్దగా కనబడకపోతే పండగ అబద్ధమని అనుకోనవసరం లేదు. మారింది పశుపోషణే.

ఇక తేదీ. సౌన్, ఇంబోల్క్, బ్యాల్టెనె, లూనసా అనే నాలుగు పండగలు నవంబరు 1, ఫిబ్రవరి 1, మే 1, ఆగస్టు 1 తేదీల్లో వస్తాయి. పాత లెక్కలో రోజు సాయంత్రంతో మొదలవుతుంది కాబట్టి అసలు తంతు అంతా జనవరి 31 రాత్రే. సంవత్సరాదిగా చెప్పుకోవలసి వస్తే ఇక్కడివాళ్లు సౌన్‌ను చెబుతారు గానీ ఇంబోల్క్‌ను కాదు. ఉగాది చాంద్రమానంతో నడుస్తుంది, ఇది సౌరమానంతో నడుస్తుంది. మన పండగల్లో దీనికి దగ్గరగా వచ్చేది రథసప్తమి. 2025లో అది ఫిబ్రవరి 4న వచ్చింది. సూర్యుడు తిరిగి బలం పుంజుకుంటున్నాడన్న ఎరుక రెండింట్లోనూ ఉంది. అంతకుమించి చుట్టరికం కలపడం భావ్యం కాదు.

ఆ ఎరుక ఐర్లండులో ఎంత స్పష్టంగా ఉంటుందో అంకెల్లో చూడండి. డిసెంబరు 21న డబ్లిన్‌లో పగలు సుమారు 7 గంటల 30 నిమిషాలు. ఫిబ్రవరి 1కి అది 8 గంటల 50 నిమిషాల దాకా వస్తుంది. సాయంత్రం నాలుగింటికల్లా చీకటి పడే చోట అయిదింటిదాకా వెలుతురు నిలవడమంటే పెద్ద మార్పే. చలి మాత్రం ఏమీ తగ్గదు. వసంతమంటే మామిడిపూత, కోయిల అనుకునే మన కళ్లకు ఆ వాతావరణం చలికాలంలాగే ఉంటుంది. ఇక్కడ వసంతానికి గుర్తులు నేలలోంచి తలవంచుకుని పైకొచ్చే తెల్లటి స్నోడ్రాప్ పూలు, ఈ పండగ దేవత బ్రిజిడ్ పేరుతో 'బ్రిజిడ్ మొక్క' అని పిలుచుకునే పసుపుపచ్చ డాండిలయన్, పొదుగు నిండిన గొర్రె. బడిపిల్లలకు ఇప్పటికీ ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ వసంతకాలమనే చెబుతారు. వాతావరణ శాఖ మాత్రం మార్చి నుంచి లెక్కపెడుతుంది.

శీతాకాల అయనానికీ వసంత విషువత్తుకూ సరిగ్గా మధ్యబిందువు ఫిబ్రవరి 3, 4 తేదీల్లో పడుతుంది. ఈ రెండు మూడు రోజుల తేడా పట్టుకుని 'అసలు తేదీ' ఏదని వాదించుకునేవాళ్లున్నారు. నిఘంటువు రాసిన కాలంలో వాడింది జూలియన్ క్యాలెండర్. తొమ్మిదో శతాబ్దంలోని ఫిబ్రవరి 1ని ఇప్పటి లెక్కలోకి మారిస్తే ఫిబ్రవరి 5 దాకా వస్తుంది. బ్రిటన్, ఐర్లండులు 1752లో క్యాలెండర్ మార్చుకుని 11 రోజులు వదిలేశాయి. కాబట్టి మధ్యబిందువు చుట్టూ వారం రోజులను పండగ వేళ అనుకుంటే చాలు. తారా కొండ మీదున్న 'బందీల దిబ్బ' అనే సమాధి దారిలోకి ఉదయపు ఎండ సూటిగా వచ్చేది కూడా ఫిబ్రవరి తొలి వారంలోనే, మళ్లీ నవంబరు తొలి వారంలో. ఆ దిబ్బ వయసు దాదాపు 5,000 ఏళ్లు. దాని లోపలి దారి పొడవు 4 మీటర్లే. దారి అంత పొట్టిగా ఉన్నప్పుడు ఎండ ఒక్కరోజు కాదు, కొన్ని రోజులపాటు లోపల పడుతుంది. దాన్ని ఒకే రోజును చూపించే గడియారంగా వర్ణించడం అతిశయోక్తి.

మీ వ్యాసంలో 'ఊరూరా మంటలు వేసి' అని ఉంది. ఊరుమ్మడి మంటలు బ్యాల్టెనెకు, జూన్ 23 రాత్రి సెయింట్ జాన్ పండగకు చెందినవి. ఇంబోల్క్ ఇంటి లోపలి పండగ. ఇందులో నిప్పు అంటే పొయ్యిలో నిప్పు. పాత పద్యం ఒకటి ఇంబోల్క్‌కు తగిన పనులుగా చెప్పేవి రెండే: వరసగా ప్రతి తిండినీ రుచి చూడడం, చెయ్యి, కాలు, తల కడుక్కోవడం. తలస్నానం, షడ్రుచులు ఎరిగిన తెలుగువాడు ఈ వరస చదివి ఒక్క క్షణం ఆగుతాడు. అయినా ఇది అక్కడి మాటగానే ఉండనిద్దాం.

ఈ పండగకు అధిదేవత బ్రిజిడ్. కోర్మాక్ నిఘంటువు ప్రకారం ఆమె దగ్దా అనే దేవుడి కూతురు, కవుల దేవత. అదే పేరుగల అక్కచెల్లెళ్లు ఆమెకు ఇద్దరు, ఒకరు వైద్యానికి, ఒకరు కమ్మరిపనికి. తర్వాతి కాలంలో కిల్డేర్ మఠాన్ని స్థాపించి 525 ప్రాంతంలో చనిపోయిన సెయింట్ బ్రిజిడ్‌కు కూడా ఇదే రోజు పండగ. దేవత ఎక్కడ ఆగి సాధ్వి ఎక్కడ మొదలవుతుందో గీత గీయబోతే చెయ్యి కాలుతుంది. ఏడో శతాబ్దంలో కోగిటోసుస్ అనే సన్యాసి రాసిన సాధ్వి జీవితం తిరగేయండి: పేదలకు పంచేసిన వెన్న తిరిగి నిండుతుంది, ఒకే రోజు మూడుసార్లు పితికినా ఆవు పాలిస్తుంది, తడిసిన అంగీని ఎండకిరణం మీద ఆరేస్తుంది. పాలు, వెన్న, కొత్త ఎండ. పండగ సరుకంతా ఆమె కథలోకే చేరింది.

జనవరి 31 రాత్రి ఇంట్లో ఏం చేసేవాళ్లో 1942లో ఐరిష్ జానపద సంఘం దేశమంతటా ప్రశ్నావళి పంపి జవాబులు రాబట్టింది. మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఆ జవాబుల పుణ్యమే. ఉత్తరాది కౌంటీల్లో నడిచిన పద్ధతి ఇలా ఉంటుంది. పొద్దు కుంకాక ఇంట్లో ఒకరు, చాలాచోట్ల ఆడపిల్ల, బయట ముందే పెట్టి ఉంచిన రష్ (చిత్తడినేల మొక్క) కాడల మోపు దగ్గరికి వెళ్లి, దాన్ని తీసుకుని ఇంటి చుట్టూ తిరిగి తలుపు కొడుతుంది. మోకాళ్ల మీద వంగండి, కళ్లు తెరవండి, బ్రిజిడ్‌ను లోపలికి రానివ్వండి అంటుంది. లోపలివాళ్లు, ఆమెకు స్వాగతం, స్వాగతం అంటారు. ఇలా మూడుసార్లు. మూడోసారి తలుపు తీస్తారు. మోపును బల్ల కింద పెట్టి, ప్రార్థన చేసి, రాత్రి భోజనానికి కూర్చుంటారు. ముద్ద చేసిన బంగాళాదుంపల మధ్య గుంట చేసి వెన్న వేసుకుంటారు. చిలికిన వెన్న ఆ రాత్రి తప్పనిసరి. తిన్నాకే బల్ల కిందున్న కాడలు తీసి శిలువలు అల్లడం మొదలు. ఈ వరస ముఖ్యం. ముందు ఆహ్వానం, తర్వాత తిండి, తర్వాత అల్లిక. ఇప్పుడు అల్లిక ఒక్కటే మిగిలి, చేతిపని క్లాసుగా మారింది.

ఇక ఆ అల్లిక సంగతి. మీ వ్యాసంలో 'రెల్లు' అని రాశారు. రెల్లుకు కణుపులుంటాయి. కణుపు దగ్గర మడిస్తే విరుగుతుంది. వాడవలసింది రష్ అనే చిత్తడినేల మొక్క కాడ. ఐరిష్‌లో 'లూఖర్' అంటారు. కాడ గుండ్రంగా, నున్నగా, కణుపు లేకుండా, మొదలు నుంచి కొసదాకా క్రమంగా సన్నబడుతూ పోతుంది. ఇందులో రెండు రకాలు పక్కపక్కనే పెరుగుతాయి. మెరిసే ఆకుపచ్చ కాడను గోరుతో చీలిస్తే లోపల తెల్లటి దూది తెగకుండా బారుగా వస్తుంది. అది మంచిది. బూడిదరంగు కలిసిన నీలిపచ్చగా, కాడ పొడవునా గీతలుండి, లోపల దూది ముక్కలు ముక్కలుగా ఉంటే అది బిరుసు రకం, మడతలో పటుక్కుమంటుంది. కొడవలితో కొయ్యకూడదని, చేత్తో పీకాలని ఆచారం. ఇనుము తగలకూడదన్నది నమ్మకం. పనికి కూడా అదే నయం, మొదట్లో పీకిన కాడ పూర్తి పొడవు దక్కుతుంది.

మధ్యకు మడుస్తారు కాబట్టి 40 సెంటీమీటర్ల కాడతో 20 సెంటీమీటర్ల చెయ్యి వస్తుంది. నాలుగు చేతులకు మూడేసి చొప్పున 12, మొదటి నిలువు కాడ ఒకటి, మొత్తం 13తో చిన్న శిలువ అవుతుంది. ఏడేసి చొప్పున వేస్తే 29, అది తలుపు మీద నిండుగా కనబడుతుంది. విరిగేవాటికని మరో అయిదారు పక్కన ఉంచుకోవాలి. పీకిన రోజే అల్లితే నానబెట్టక్కర్లేదు. రెండు మూడు రోజులు నిలవ ఉంటే తడిగుడ్డలో చుట్టాలి. ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి వదిలేస్తే బూజు పడుతుంది.

మొదటి కాడను నిలువుగా పట్టుకోండి. రెండోదాన్ని మధ్యకు మడిచి, నిలువు కాడ నడుముకు ఎడమవైపు నుంచి తగిలించండి. రెండు కొసలూ కుడివైపుకు చూడాలి. కూడలిని ఎడమచేతి బొటనవేలు, చూపుడువేళ్ల మధ్య నొక్కి పట్టి, మొత్తాన్ని గడియారం ముల్లుకు ఎదురుగా పావు వంతు తిప్పండి. కుడివైపు చూస్తున్న కొసలు ఇప్పుడు పైకి చూస్తాయి. మూడో కాడను మడిచి, పైకి నిలబడ్డ ఆ రెండు కొసలనూ కలిపి చుట్టేలా ఎడమ నుంచి తగిలించి కొసల్ని కుడికి పోనివ్వండి. కూడలి దాకా జరిపి బిగించండి. మళ్లీ పావు వంతు తిప్పు, మళ్లీ పైకి చూసే కాడలన్నిటినీ కలిపి కొత్త కాడతో చుట్టు. ఇంతే, చివరిదాకా ఇదే. నాలుగు మలుపులకు ఒక వరస పూర్తవుతుంది. తర్వాతి వరస దానికి ఆనుకుని బయటివైపు కూర్చుంటుంది. మధ్యలో చదరం వాలుగా, తిరగలి రాయి మీది గీతల్లా ఏర్పడుతూ కనబడుతుంది. ఆఖరి కాడ కొసల్ని పక్క కాడ మడతలోంచి దూర్చి లాగితే ముడి పడినట్టవుతుంది. నాలుగు చేతుల చివర్లూ రెండు మూడు సెంటీమీటర్లు వదిలి రష్ కాడతోనో దారంతోనో గట్టిగా కట్టి, కొసలు సమంగా కత్తిరించాలి.

మీరు అచ్చేసిన పద్ధతిలో కొసల్ని కుడివైపుకే పోనిచ్చి, తిప్పడం మాత్రం గడియారం ముల్లు వెంట అన్నారు. అలా తిప్పితే రెండో కాడ కొసలు కిందికి పోతాయి. పైన మిగిలేది రెండో కాడ మడత ఒక్కటే. మూడో కాడ చుట్టడానికి పైన కొసలే ఉండవు, రెండోదాన్ని పట్టుకునేది ఏదీ ఉండదు. చెయ్యి వదలగానే జారిపోయేది అందుకే. ఎడమచేతివాటం పిల్లలు కొసల్ని ఎడమకు పోనిస్తూ గడియారం వెంటే తిప్పవచ్చు. అప్పుడు అంతా అద్దంలో బొమ్మలా తిరగబడి, గట్టిగానే నిలుస్తుంది. దిశ ఏదైనా రెండు కదలికలకూ పొత్తు కుదరాలి.

సాధారణంగా వచ్చే మరికొన్ని ఇబ్బందులు: కాడ మొదలు లావు, కొస సన్నం. మడత సరిగ్గా మధ్యలో పడితే చేతిలో ఒక లావు, ఒక సన్నం వస్తాయి కాబట్టి, ఒక కాడకు లావు కొస ముందువైపు, తర్వాతిదానికి వెనకవైపు ఉండేలా మార్చుకుంటూ పోవాలి. లేకపోతే శిలువ ఒకవైపు వంగుతుంది. పచ్చి కాడ ఆరేకొద్దీ సన్నబడుతుంది. ఇవాళ బిగువుగా ఉన్న కట్టు రెండు వారాలకు వదులై చేతులు విడిపోతాయి. రబ్బరు బ్యాండు వేసి, రంగు ఎండుగడ్డిలా మారాక తీసేసి దారం కట్టడం తేలిక మార్గం. మధ్యలో ఖాళీ కనబడుతోందంటే కొత్త కాడ వేసిన ప్రతిసారీ కూడలి దాకా జరపలేదని అర్థం.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పిల్లలు ప్రయత్నిస్తామంటే వరిగడ్డిలో కణుపుల మధ్య పొడవైన భాగం ఏరి గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెట్టండి. చాపలు నేసే తుంగ కాడకు మూడు అంచులుంటాయి, ముందు బల్లమీద నొక్కి చదును చేయకపోతే మడత ఒరుసుకుపోతుంది. సన్నగా చుట్టిన పాత పేపరు గొట్టాలతో కూడా పద్ధతి నేర్చుకోవచ్చు.

ఈ శిలువ 'వేల ఏళ్ల నాటి స్వస్తిక' అన్న మాట మాత్రం తప్పక సరిదిద్దాలి. ఆ తిరుగుడు ఆకారం ఎవరో గీసి తెచ్చింది కాదు. మడిచిన కాడను పావు వంతు చొప్పున తిప్పుతూ పోతే చేతులు కూడలికి పక్కగా జరిగి ఆ రూపం దానంతటదే వస్తుంది. కుడిచేతివాటం వాళ్లకు ఒకవైపు, ఎడమచేతివాటం వాళ్లకు మరోవైపు తిరుగుతుంది. చనిపోతున్న ఒక నాయకుడి మంచం పక్కన బ్రిజిడ్ నేలమీది గడ్డి ఏరి శిలువ అల్లి అతనికి మతం చెప్పిందన్న కథ బడుల్లో చెబుతారు, అది కోగిటోసుస్ గ్రంథంలో లేదు. పైగా ఈ నాలుగు చేతుల రూపం అన్నిటికంటే పేరుకెక్కింది గానీ ఏకైకం కాదు. ఉత్తరాదిలో మూడు చేతులవి ఉన్నాయి, రెండు పుల్లల మీద గడ్డి చుట్టిన వజ్రాకారపువీ ఉన్నాయి. నాలుగు చేతులది దేశమంతా ఎరిగిన గుర్తు కావడంలో టీవీ పాత్ర పెద్దది. ఐర్లండు జాతీయ టెలివిజన్ 1961 డిసెంబరు 31న మొదలైనప్పుడు దాన్నే చిహ్నంగా పెట్టుకుంది, 1995 దాకా ఏదో ఒక రూపంలో ఉంచుకుంది.

గడ్డి గురించి ఇంకో జాగ్రత్త. ఎండిన రష్ కాడ లోపలి దూదినే పూర్వం కొవ్వులో ముంచి దీపపు వత్తిగా వాడేవాళ్లు. అంటే ఎండిన శిలువ అంటుకోవడానికి సిద్ధంగా ఉన్న వత్తుల కట్ట. తెలుగు ఇళ్లలో దాన్ని భక్తితో దేవుడి గూట్లో దీపం పైన తగిలించడం ఉంది. దయచేసి అక్కడ వద్దు. స్టవ్ మీద కూడా వద్దు. గుమ్మం లోపలివైపు పైన గానీ, వంటింటి తలుపు మీద గానీ తగిలించండి. ఏడాది ఉంచి, వచ్చే జనవరి 31న కొత్తది పెట్టాక పాతదాన్ని పొయ్యిలో వేసేవాళ్లు కొందరు, ఇంటి కప్పు కింద దూలాల్లో దోపి ఏటికేడు పోగుచేసేవాళ్లు కొందరు. ఎన్ని శిలువలుంటే ఇంటికి అన్నేళ్ల లెక్క.

అదే రాత్రి బ్రిజిడ్ గుడ్డ కూడా పెడతారు. ఒక చేరెడు గుడ్డముక్కో రిబ్బనో బయట పొదమీదనో కిటికీ గట్టుమీదనో సూర్యాస్తమయానికి ముందు ఉంచి, తెల్లవారి సూర్యోదయానికి ముందు లోపలికి తెచ్చుకుంటారు. తలనొప్పికి తలకు కడతారు, ఈనలేక కష్టపడే ఆవు వీపు మీద వేస్తారు. కొన్నిచోట్ల పెట్టేముందు పొడవు కొలిచి, పొద్దున్నే మళ్లీ కొలిచి, పెరిగిందంటే శుభమనుకునేవాళ్లు.  గాలివానల కాలం కాబట్టి రాయి బరువు పెట్టడమో ముడి వేయడమో మరవకూడదు.

పండగనాడు చక్రం తిరగకూడదన్నది పాత కట్టడి. రాట్నం, బండి, తిరగలి అన్నీ ఆపేవాళ్లు. గాల్వే వైపు గడ్డితాడును పెద్ద వలయంగా కట్టి, దానికి చిన్న శిలువలు గుచ్చి, ఇంటింటికీ తీసుకెళ్లేవాళ్లు. అందులోంచి మనుషులు మూడుసార్లు దూరి బయటికొచ్చేవాళ్లు. కెర్రీలో గడ్డితో శంఖాకారపు టోపీలు అల్లుకుని ముఖం కనబడకుండా పెట్టుకుని, బ్రిజిడ్ బొమ్మను పట్టుకుని పాడుతూ ఆడుతూ తిరిగేది బిడ్డీ గుంపు. స్కాట్లండు పశ్చిమ దీవుల్లో పద్ధతి వేరు. మార్టిన్ మార్టిన్ అనే రచయిత 1703లో అచ్చేసిన వర్ణనలో ఓట్స్ పనకు ఆడవేషం కట్టి, బుట్టలో పడుకోబెట్టి, పక్కన కర్ర దుడ్డు పెట్టి, బ్రీడ్ (బ్రిజిడ్) వచ్చింది, బ్రీడ్‌కు స్వాగతం అని మూడుసార్లు అరిచి నిద్రపోయేవాళ్లు. తెల్లవారి లేవగానే పొయ్యి బూడిదలో ఆ కర్ర ముద్ర కోసం చూసేవాళ్లు. ముద్ర పడితే ఆ ఏడు పంట బాగుంటుంది, లేకుంటే లేదు. ముగ్గు గిన్నె పట్టుకుని వాకిట్లోకి వచ్చే మన ఇల్లాలికి, బూడిద మీద గుర్తు కోసం వంగిన ఆ దీవి ఇల్లాలి ఆత్రం అర్థమవుతుంది.

కిల్డేర్ నిప్పు గురించి వ్యాసంలో 'ఏనాడూ ఆరనిది' అని ఉంది. పన్నెండో శతాబ్దంలో అక్కడికి వచ్చిన జెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే రచయిత దాన్ని వర్ణించాడు. 19 మంది సన్యాసినులు వంతులవారీగా రాత్రంతా చూసుకునేవాళ్లు, ఇరవయ్యో రాత్రి బ్రిజిడ్ వంతు అని కట్టెలు పెట్టి వదిలేసేవాళ్లు, చుట్టూ కంచె ఉండేది, మగవాళ్లు దాటకూడదు, ఎంత కాల్చినా బూడిద పెరిగేది కాదని చెప్పుకునేవాళ్లు. తర్వాతి శతాబ్దాల్లో ఆ నిప్పు ఆరిపోయింది. బ్రిజిడైన్ సిస్టర్స్ 1993లో కిల్డేర్ మార్కెట్ కూడలిలో మళ్లీ వెలిగించి, అప్పటినుంచి కాపాడుతున్నారు. 2006లో అప్పటి అధ్యక్షురాలు మేరీ మెకలీస్ అదే కూడలిలో శాశ్వత జ్వాల వెలిగించారు. ఆరిన నిప్పును ఆడవాళ్లు మళ్లీ వెలిగించారన్న నిజం, ఎప్పుడూ ఆరలేదన్న కల్పన కంటే గొప్పది.

మంటలు, ఊరేగింపులు, చలిరాజుకూ వసంతానికి గుర్తైన పచ్చని మనిషికీ పోరు చూడాలంటే ఇంగ్లండు యార్క్‌షైర్‌లోని మార్స్‌డెన్ ఇంబోల్క్ ఉంది. అది 1990లలో మొదలైంది. చూడదగ్గదే, కానీ దాన్ని పురాతన ఐరిష్ ఆచారంగా చూపించకూడదు. విక్కా, నవ్య ద్రూయిడ్ అనే ఆధునిక ప్రకృతి ఆరాధక సంప్రదాయాల వాళ్లు ఏడాదిని ఎనిమిది పండగల చక్రంగా చేసుకుని ఇంబోల్క్‌ను అందులో ఒకటిగా జరుపుతారు. ఆ ఎనిమిది ఆకుల చక్రం ఇరవయ్యో శతాబ్దం మధ్యలో రూపుదిద్దుకుంది. వాళ్లు కొవ్వొత్తులు వెలిగిస్తారు, పాలు నేలకు పోస్తారు, ఇల్లు ఊడ్చి కడుగుతారు. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు ఆగస్టు 1 ప్రాంతంలో చేస్తారు, వాళ్లకు వసంతం అప్పుడే కదా. వాళ్ల భక్తిని మేం తక్కువ చేయడం లేదు. ఇంబోల్క్ నేటికీ బతికుండడంలో వాళ్ల వంతు ఉంది. ఏది ఏ కాలంనాటిదో విడిగా రాస్తే చాలు.

సెలవు వివరం కూడా సవరించాలి. 2023 నుంచి ఐర్లండులో ఇది ప్రభుత్వ సెలవు, మొదటిది ఆ ఏడు ఫిబ్రవరి 6న వచ్చింది. ఫిబ్రవరి 1 శుక్రవారమైతే ఆ రోజే సెలవు, లేకుంటే ఫిబ్రవరి మొదటి సోమవారం. 2027లో ఫిబ్రవరి 1 సోమవారమే కాబట్టి పండగా సెలవూ కలుస్తాయి. 2030లో శుక్రవారం వస్తుంది. ఇక్కడ ఉద్యోగం చేసుకునే తెలుగువాళ్లు ప్రయాణాలు పెట్టుకునేది ఆ సెలవు చూసుకునే. అయితే పండగ ఆ ముందువారంలోని 31 సాయంత్రమే అయిపోతుంది కాబట్టి, సోమవారం కిల్డేర్ వెళ్లి తలుపు తట్టే తంతు చూద్దామంటే దొరకదు.

పిల్లల పేజీలో అల్లిక పద్ధతిని తిప్పే దిశ సవరించి, బొమ్మతో సహా జనవరి ఆఖరి ఆదివారానికి మళ్లీ వేయాలని కోరుతున్నాం. బొమ్మ గీసేవాళ్లు ఒక్కసారి 13 కాడలతో చేత్తో అల్లి చూసి గీస్తే తప్పు పోదు. శీర్షికలో 'ఉగాది' తీసేసి 'గొర్రెపాల పండగ' అంటే సరిపోతుంది.

ఇట్లు,
కొందరు తెలుగు పాఠకులు,
కిల్డేర్ కౌంటీ, ఐర్లండ్